గాలి దారిలో లేపాక్షికి

పిల్లలూ!

మీలో చాలామంది గాలిపటం ఎగరవేసి ఉంటారు. గాలి ఎటు వీస్తున్నదో చూసుకుని, దారం పట్టుకుని పరుగెత్తి ఉంటారు. అయితే మీరే గాలిపటమైతే ఎలా ఉంటుందో తెలుసా? ఆషాఢమాసంలో అనంతపురం నుంచి లేపాక్షికి మోటారు సైకిలు మీద వెనక కూర్చుని వెళ్ళినవాడికి అది బాగా తెలుస్తుంది. నేను అలా చాలాసార్లు వెళ్ళాను. ఆ ప్రయాణం సంగతి ఇప్పుడు చెబుతాను. ఇందులో కొంత దారి ఉన్నది, కొంత గాలి ఉన్నది, ఒక గద్ద కూడా ఉన్నది.

ముందు దారి సంగతి. మన దేశంలోకెల్లా పొడవైన జాతీయ రహదారి 44వది. అది శ్రీనగర్ లో బయలుదేరి కన్యాకుమారిలో ఆగుతుంది. అనంతపురం ఆ దారిలోనే ఉన్నది. అక్కడి నుంచి దక్షిణంగా పోతే రాప్తాడు, మరూరు, చెన్నేకొత్తపల్లి వస్తాయి. ఆ తరువాత పెనుకొండ. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజులు తమ రాజధానిని ఈ పెనుకొండకే మార్చుకున్నారు. కొండమీద కోట గోడలు ఇప్పటికీ ఉన్నాయి. పెనుకొండ చేరకముందే ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న పెద్ద కర్మాగారం కనిపిస్తుంది. ఇంకా పోతే కోడికొండ చెక్ పోస్టు. అక్కడ కుడి చేతికి తిరిగితే లేపాక్షి. మొత్తం వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం.

ఇక గాలి సంగతి. జూన్ నెలలో నైరుతి ఋతుపవనాలు అరేబియా సముద్రం మీదుగా వస్తాయని మీరు పాఠంలో చదివారు. ఆ మేఘాలు పడమటి కనుమలు ఎక్కేటప్పుడే తమ నీళ్ళలో ఎక్కువ భాగం అక్కడ కుమ్మరించేస్తాయి. మన అనంతపురం సీమకు వచ్చేసరికి వాన తక్కువ, గాలి ఎక్కువ. రైతు వేరుశనగ విత్తనం చేతబట్టుకుని ఆకాశం వంక చూస్తూ ఉంటాడు. గాలి మాత్రం మబ్బుల్ని తరుముకుంటూ పోతుంది. కాని ఆ గాలి పూర్తిగా వృథా కాలేదు. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో కుడిపక్కకు చూస్తే రామగిరి కొండలు కనిపిస్తాయి. ఒకప్పుడు అక్కడ బంగారు గనులు ఉండేవి. 1990లలో ఆ కొండల మీద గాలిమరలు పెట్టారు. గాలి వాటి రెక్కలు తిప్పితే కరెంటు పుడుతుంది.

అంటే, పిల్లలూ, కరెంటు పుట్టించేటంత గాలి ఉన్నచోటనే మా దారి ఉన్నదన్నమాట!

"మరి బస్సులో వెళ్ళకూడదా, మాస్టారూ?" అని మీరు అడుగుతారు. వెళ్ళవచ్చు. కాని మా బావమరదికి హిందూపురంలో పట్టుగూళ్ళ వ్యాపారం. నెలకు రెండుసార్లు మోటారు సైకిలు మీద వెళ్ళి, సాయంత్రానికి తిరిగి వస్తాడు. నన్ను లేపాక్షిలో దింపి తను హిందూపురం పోతాడు. లేపాక్షిలో నాతో ఇరవై ఏళ్ళు కలిసి పనిచేసిన డ్రాయింగు మాస్టారు ఉన్నారు. ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పూర్తిగా పోలేదు గాని బాగా సన్నగిల్లింది. పక్కనే కూర్చుని, చెవి దగ్గరగా పెడితేనే వినబడుతుంది. ఆయనతో నాలుగు గంటలు గడపటానికే నా ప్రయాణం.

2024 జూన్ లో వెళ్ళినప్పుడు మా బండికి ముందు ఏ అడ్డూ లేదు. గాలి నేరుగా వచ్చి మా బావమరది రొమ్మును తోసింది. అతని భుజాలు దాటి వచ్చిన గాలి నన్ను తోసింది. ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న పలకను గాలికి ఎదురుగా పట్టుకున్నామనుకోండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతే గాలి దానిని దాదాపు ఏడున్నర కిలోల బరువుతో తోస్తుంది. వేగం 80కి పెంచితే తోపు 15 కిలోలు కాదు, 30 కిలోలు! వేగం రెండింతలైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. ఎదురుగాలి ఉంటే అదీ కలుస్తుంది. మేము 60లో పోతున్నా, ఎదురుగా 20 వేగంతో గాలి వీస్తే మాకు తగిలేది 80 వేగపు గాలే.

లేపాక్షి చేరేసరికి మా బావమరదికి మెడలు పట్టేశాయి. "ఇట్లయితే కాదు బావా, ముందర ఒక విండ్ షీల్డు పెట్టిస్తాను," అన్నాడు.

అన్నట్టే జూలై మొదటి వారానికి పెద్ద విండ్ షీల్డు వచ్చింది. అద్దంలాగా కనిపించే దళసరి అక్రిలిక్ రేకు అది. హ్యాండిలుకు బిగించారు. దాని పై అంచు మా బావమరది గడ్డం దాకా ఉన్నది. "ఇక గాలి మన జోలికి రాదు," అని నేను కూడా సంతోషించాను. ముప్ఫై అయిదేళ్ళు పిల్లలకు విజ్ఞానశాస్త్రం చెప్పినవాణ్ణి, ఆ మాత్రం ఆలోచించలేకపోయాను!

మరూరు దాటి వేగం అందుకోగానే సంగతి తెలిసింది. రొమ్ముకు గాలి తగలటం లేదు, నిజమే. కాని తలమీద ఎవరో డప్పు వాయిస్తున్నట్టున్నది. హెల్మెట్ ఇటూ అటూ ఊగిపోతున్నది. చెవుల్లో ఒకటే హోరు.

ఎందుకిలా జరిగింది? మీరే ఇంట్లో చిన్న పరీక్ష చేసి తెలుసుకోవచ్చు. పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకోండి. ఒక కొవ్వొత్తి వెలిగించి, దాని ముందు నాలుగు వేళ్ళ దూరంలో ఒక పోస్టు కార్డును నిలబెట్టి పట్టుకోండి. ఇప్పుడు కార్డు మధ్యకు గట్టిగా ఊదండి. మంట మీకు దూరంగా వంగుతుందనుకుంటారు కదూ? కాదు! అది కార్డు వైపుకే, అంటే మీ వైపుకే వంగుతుంది. కార్డుకు తగిలిన గాలి అంచుల మీదుగా దాటిపోతుంది. కార్డు వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఆ లోటు పూడ్చటానికి చుట్టూ ఉన్న గాలి సుడులు తిరుగుతూ వెనక్కు వస్తుంది. కార్డు బదులు గుండ్రని సీసా పెట్టి ఊదండి. గాలి సీసాను చుట్టుకుని పోయి, వెనక ఉన్న దీపాన్ని ఆర్పేస్తుంది.

కాలవలో నిలబడిన రాయి వెనక నీళ్ళు సుడులు తిరగటం మీరు చూసే ఉంటారు. గాలిలోనూ అంతే. ఒక సుడి కుడివైపు, ఒక సుడి ఎడమవైపు వరసగా పుడతాయి. ఈ సుడుల వరసకు కారణాన్ని 1911లో లెక్కకట్టి చెప్పినవాడు హంగరీలో పుట్టిన థియొడోర్ ఫాన్ కార్మాన్ అనే శాస్త్రజ్ఞుడు. మా విండ్ షీల్డు అంచున పుట్టిన సుడులు ఒకదాని వెనక ఒకటి వచ్చి మా తలల మీద పడుతున్నాయి. డప్పు వాయించింది అవే. ఆగకుండా తోసే గాలికన్నా, ఆగి ఆగి కొట్టే గాలి మనిషిని ఎక్కువ అలసగొడుతుంది.

ఆ రోజు లేపాక్షి చేరి డ్రాయింగు మాస్టారి పక్కన కూర్చున్నాను. ఆయన ఏదో చెప్పారు. నాకు వినబడలేదు. చెవిలో గుయ్యిమని ఒకటే మోత. ఆయన ఎడమచేతితో కిటికీలోంచి ఆకాశం చూపించి, మళ్ళీ ఏదో చెప్పి నవ్వారు. నేను కూడా నవ్వి తల ఊపాను.

పిల్లలూ, పాఠం అర్థం కాకపోయినా తల ఊపే పిల్లల్ని నేను ఎన్నిసార్లో మందలించాను. ఆ రోజు నేనే ఆ పని చేశాను. ఉన్న నాలుగు గంటల్లో మొదటి గంట అలాగే పోయింది.

చెవుల సంగతి కూడా తెలుసుకోండి. శబ్దాన్ని డెసిబెళ్ళలో కొలుస్తారు. 85 డెసిబెళ్ళకు మించిన శబ్దాన్ని రోజూ గంటల తరబడి వింటే చెవికి హాని. మోటారు సైకిలు వేగంగా పోతున్నప్పుడు హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెళ్ళు దాటుతుంది. లోపలి చెవిలో ఉండే అతి సన్నని వెంట్రుకల వంటి కణాలు మొదట అలసిపోతాయి; అప్పుడు కొన్ని గంటలు మందంగా వినబడుతుంది. మళ్ళీ మళ్ళీ అదే జరిగితే అవి చచ్చిపోతాయి. మనిషిలో చచ్చిన ఆ కణాలు మళ్ళీ మొలవవు.

ఆ సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి వీచింది కాబట్టి బాధ లేకపోయింది. కాని రెండు వారాల తరువాత మళ్ళీ వెళుతుంటే అసలు ప్రమాదం ఎదురయింది. రామగిరి గాలిమరలు కుడివైపున గిర్రున తిరుగుతున్నాయి. మా కుడిపక్క నుంచి ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటసాగింది. లారీ అడ్డం వచ్చినంతసేపూ కుడివైపు గాలి ఆగిపోయింది. లారీ దాటిపోయిన మరుక్షణం ఆ గాలి ఒక్కసారిగా మా విండ్ షీల్డుకు తగిలింది. రేకు హ్యాండిలుకే బిగించి ఉన్నది గదా! రేకును తోసిన గాలి హ్యాండిలును కూడా తిప్పింది. బండి ఎడమపక్కకు జరిగి తారురోడ్డు అంచు దాకా వెళ్ళింది. ఆ అవతల కంకర. మా బావమరది ఎలాగో నిలదొక్కుకుని బండి ఆపాడు.

ఇద్దరం దిగి ఒక వేపచెట్టు కింద కూర్చున్నాం. అతని చేతులు వణుకుతున్నాయి. నావీ వణుకుతున్నాయి.

"బావా, ఇంటికి పోదామా?" అన్నాడు.

"పోదాం. కాని లేపాక్షికి మెల్లగా పోయి, ఆ తరువాత పోదాం," అన్నాను.

నలభై దాటకుండా సోమందేపల్లి చేరాం. అక్కడొక మెకానిక్కు మా మాట విని, ఆ పెద్ద రేకు విప్పేసి, దానిలో సగం కూడా లేని చిన్న రేకు పెట్టాడు. వైశాల్యం సగమైతే గాలి తోపు కూడా సగమే. అయితే చిన్న రేకు మీదుగా వచ్చే గాలి బావమరది గొంతుకు తగులుతుంది. దానికి విరుగుడుగా మెకానిక్కు జానెడు వెడల్పున్న ఇంకొక రేకు తెచ్చి మొదటిదాని పై అంచుకు అతికించినట్టుగా బిగించాడు. దీనిని డిఫ్లెక్టరు అంటారు. పొలంలో నీళ్ళను మడవ కట్టి మళ్ళించినట్టు, ఇది గాలిని మళ్ళిస్తుంది.

"అబ్బ! ఇప్పుడు నా తలకు గాలే లేదు!" అన్నాడు బావమరది, కోడికొండ చేరకముందే.

ఉండదు మరి. అదంతా నా తలకు వచ్చింది! వెనక కూర్చున్నవాడు కాస్త ఎత్తుగా కూర్చుంటాడు. ముందు కూర్చున్నవాడి తలమీదుగా ఎగిరిన సుడులు వచ్చి సరిగ్గా నా హెల్మెట్ ను మోదాయి. పిల్లలూ, గాలిని మాయం చెయ్యటం ఎవరి వల్లా కాదు. ఒకరి మీద నుంచి తప్పించిన గాలి ఇంకెక్కడికో పోతుంది. అది ఎవరి మీద పడుతున్నదో వెనక్కు తిరిగి చూసుకోవటం మన పని.

ఆ రోజు డ్రాయింగు మాస్టారు నన్ను చూడగానే ఏదో అడిగారు. నేను చెవి దగ్గర పెట్టాను. వినబడలేదు. ఇంకోసారి అడిగారు. ఈసారి నేను తల ఊపలేదు. "వినబడటం లేదండీ, గాలికి చెవులు దిబ్బడ పడ్డాయి," అని ఉన్నమాట చెప్పాను.

ఆయన కాసేపు నా ముఖం చూశారు. తరువాత వదినమ్మగారికి సైగ చేశారు. ఆమె పలకా, సుద్దముక్కా తెచ్చి ఇచ్చింది. పక్షవాతం వచ్చాక ఆయన బొమ్మ వెయ్యటం నేను చూడలేదు. ఎడమచేతితో, గీత గీతకూ ఆగుతూ, ఒక గద్ద రెక్క వేశారు. గీతలు వంకరపోయాయి. కాని అది గద్ద రెక్కే. ఆ రెక్క ముందు అంచున, రెక్కకు అంటకుండా, చిన్న ఈకల గుత్తి ఒకటి వేసి, దానికీ రెక్కకూ మధ్య సందులో సుద్దముక్కతో మూడుసార్లు పొడిచి చూపించారు.

అప్పుడు నాకు అర్థమయింది. కిందటిసారి కిటికీలోంచి ఆయన చూపించింది గద్దనే!

పక్షి రెక్కకు మన బొటనవేలి వంటి భాగం ఒకటి ఉన్నది. దానిమీద మూడు నాలుగు చిన్న ఈకలు ఉంటాయి. గద్ద నెమ్మదిగా వాలేటప్పుడు ఆ ఈకల్ని కొంచెం పైకి లేపుతుంది. ఆ సందులోంచి గాలి దూసుకుపోయి రెక్క పై భాగాన్ని అంటిపెట్టుకుని సాగుతుంది. లేకపోతే గాలి రెక్కను వదిలి సుడులు తిరుగుతుంది, పక్షి తూలిపోతుంది. విమానాల రెక్కల ముందు అంచున కూడా ఇటువంటి సందు పెడతారు. దిగేటప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు చూడవచ్చు.

లేపాక్షి పేరుకు కూడా పక్షి కథే చెబుతారు. రావణుడితో పోరాడి నేలకూలిన జటాయువును చూసి శ్రీరాముడు "లే, పక్షీ!" అన్నాడట. వీరభద్రాలయం గోడలూ, వేలాడే స్తంభం, ఏడు పడగల నాగలింగం, ఒకే రాతిలో చెక్కిన నంది — ఇవన్నీ చూడటానికి వచ్చేవాళ్ళు ఎందరో. నేను అన్నిటినీ ఎన్నోసార్లు చూశాను. కాని ఆ ఊరి ఆకాశంలో తిరిగే గద్దను మాత్రం డ్రాయింగు మాస్టారు చూపిస్తేగాని చూడలేదు.

తిరుగు దారిలో మెకానిక్కుకు పలక మీద బొమ్మ వేసి చూపించాం. అతను డిఫ్లెక్టరును విప్పి, చిన్న బిగింపులతో మళ్ళీ పెట్టాడు. ఇప్పుడు రెండు రేకుల మధ్య అంగుళం సందు ఉన్నది. సందులోంచి వచ్చే గాలి రేకు వెనక ఏర్పడే లోటును కొంత పూడ్చి, సుడుల జోరు తగ్గిస్తుంది.

ఆ తరువాత మేము బడిపిల్లలలాగా పద్ధతిగా పరీక్షలు చేశాం. నా హెల్మెట్ కు, బావమరది చొక్కా వీపుకు రంగురంగుల ఊలుదారపు ముక్కలు అంటించాం. బండి పోతున్నప్పుడు ఆయన వీపుమీది దారాలను నేను చూస్తాను. పక్కన ఇంకొక బండి మీద వచ్చే మా అబ్బాయి నా హెల్మెట్ మీది దారాలను చూస్తాడు. దారం తిన్నగా వెనక్కు ఎగిరితే గాలి సాఫీగా ఉన్నట్టు. గిలగిల కొట్టుకుంటే సుడి ఉన్నట్టు. ముందుకు తిరిగితే గాలి వెనక్కు వస్తున్నట్టు, కొవ్వొత్తి మంటలాగా. ఖాళీగా ఉండే ఊరిదారిలో, ఒకే వేగంతో పోయి చూశాం. ఒకసారికి ఒకటే మార్పు చేశాం. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కదా!

డిఫ్లెక్టరును కొంచెం వెనక్కు వాల్చితే నా తలమీది దారాలు నెమ్మదించాయి. ఇంకా కింది నుంచి ఏదో గాలి ఎగదన్నుతున్నది. అది ముందు చక్రం పైన, టాంకు పక్కల నుంచి వస్తున్నదని దారాలే చెప్పాయి. అక్కడ అటూ ఇటూ అరచెయ్యంత రేకులు రెండు పెట్టించాం. పెట్టించాక హ్యాండిలును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూసి, బ్రేకు తీగకు గాని, దీపానికి గాని ఏదీ అడ్డం లేదని నిశ్చయించుకున్నాకే బయలుదేరాం. సౌఖ్యం కోసం పెట్టిన రేకు ప్రాణం మీదికి రాకూడదు.

ఆగస్టులో మళ్ళీ లేపాక్షికి వెళ్ళాం. గాలి పోయిందా అంటే పోలేదు. ఆ గాలిని ఆపటానికి రామగిరి కొండల వల్లే కాలేదు. కాని కొట్టటం మానింది. తోస్తున్నది, అంతే. చెవుల్లో మెత్తని స్పాంజి బిరడాలు కూడా పెట్టుకున్నాను. వాటితో లారీ హారను వినబడుతుంది. హోరు మాత్రం సగానికి సగం తగ్గినట్టుంటుంది. లారీలు దాటేటప్పుడు బావమరది ముందే వేగం తగ్గించాడు. ఏ రేకూ చెయ్యలేని పని అది.

ఇంట్లో అడుగుపెట్టి బిరడాలు తీశాను. వదినమ్మగారు ఉగ్గాని పెట్టి, మంచినీళ్ళు ఇచ్చింది. డ్రాయింగు మాస్టారి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన పెదవులు కదిలాయి.

"హెడ్మాస్టరుగారూ, గద్ద చెప్పింది నిజమేనా?"

ప్రతి అక్షరమూ వినబడింది.

"నిజమేనండీ," అన్నాను. ఆయన నవ్వి, "అయితే ఇక పలక అక్కర్లేదు," అన్నారు. నేను ఒప్పుకోలేదు. పలకను ఆయన ఎడమచేతి దగ్గరే ఉంచి వచ్చాను.

పిల్లలూ! ఈ నెలలో మీరు చేయవలసిన పని ఒకటి చెబుతాను. కొవ్వొత్తి పరీక్షను కార్డుతో ఒకసారి, సీసాతో ఒకసారి చెయ్యండి. తరువాత కార్డు పై అంచుకు అంగుళం సందు వదిలి ఇంకొక చిన్న కార్డు పట్టుకుని చూడండి. మంట ఏం చేసిందో మూడింటికీ బొమ్మలు వెయ్యండి. వేసేటప్పుడు ఒక్కసారి ఎడమచేతితో కూడా ప్రయత్నించి చూడండి. గీతలు వంకరపోతే నవ్వకండి.